బడిలో చోటెంత? — గ్రామస్థుల కర్తవ్యము

(పెద్దతిప్పసముద్రమున గ్రంథాలయాభిమానుల యెదుట గావించిన యుపన్యాసపాఠము)



ఈ యూరి పేరులో సముద్రమున్నది. ఉప్పునీటి సముద్రము మనకు నూఱుమైళ్లకు పైబడిన దూరమున నున్నది. మన పెద్దలు సముద్రమని పిలిచినది చెరువును. రాయలసీమలో చెరువు పేరిట వెలసిన సముద్రములు లెక్కకు మిక్కిలి. వర్షము తక్కువైన యీ నేలపై చెరువు గట్టినవారు మూడు సంగతులు ముందుగా విచారించెడివారు: ఎంత నీరు వచ్చును, అందులో నెంత నిలుచును, దానితో నెంత ఆయకట్టు పాఱును. కట్ట పొడవును జూచి మురిసినవాడు రైతు కాడు. కట్ట యెంత పొడవైనను, లోపల పూడిక నిండినచో ఆ చెరువు రెండు తడులకైన చాలదు. తూము చెడినను, మరవ తెగినను, నిండిన చెరువును నిరర్థకమే. ఈ లెక్కలన్నియు నోటనుంచుకొని నీటిని పంచు నీరుగంటి యొకడు చెరువునకు నుండెడివాడు.

నేడు మేము మాటలాడ వచ్చినది చెరువును గూర్చి కాదు; బడిని గూర్చి. మన బడిలో నెందఱు పిల్లలకు చోటున్నది? ప్రశ్న చిన్నది. సమాధానము మాత్రము ఎవరి నడిగిన వారి తీరున నుండును. ఉపాధ్యాయు నడిగిన హాజరుపట్టీని చూపును. ఇంజనీరు నడిగిన గదుల సంఖ్యను చెప్పును. కార్యాలయమున నడిగిన కంప్యూటరులోని యంకెను చదువుదురు. ఈ మూడింటిలో నేదియు చోటు కాదు. చోటనగా, ఒక పిల్ల ఎండకు మాడక, వానకు తడియక, ప్రాణభయము లేక కూర్చుండి, నల్లబల్లను చూడగలిగి, గురువు మాటను వినగలిగిన స్థలము. దానిని కొలిచిన నీరుగంటి మన బడులకు లేడు. ఆ పనికి గ్రామస్థులే పూనుకొనవలయునని చెప్పుటయే మా రాకకు కారణము.

ఈ ప్రశ్న యిప్పుడేల యని కొందఱనవచ్చును. 2022 జూనులో మన రాష్ట్రప్రభుత్వము 117వ సంఖ్యగల యుత్తరువును వెలువరించి, ఒక కిలోమీటరు లోపల నున్న ప్రాథమికపాఠశాలల 3, 4, 5 తరగతులను ఉన్నతపాఠశాలలతో జేర్చు పద్ధతిని బెట్టెను. పిల్లలకు విషయమున కొక యుపాధ్యాయుడు దొరకునను సదుద్దేశ మందులో లేకపోలేదు. కాని దూరమును కొలుచుట సులభము, చోటును కొలుచుట కష్టము. పెద్దబడిలో గదులు చాలని చోట పిల్లలు వరండాలలో గూర్చుండిరి. విడిచివచ్చిన చిన్నబడిలో గదులు తాళము పడి యుండెను. 2025లో ఆ యుత్తరువు రద్దయి వేఱొక యేర్పాటు వచ్చెను. ప్రభుత్వములు మాఱును, ఉత్తరువులు మాఱును. గోడలు మాత్రము కదలవు. కనుక ఏ యుత్తరువు వచ్చినను దాని యెదుట నుంచుటకు తగిన నిజమైన కొలత యొకటి గ్రామము చేతిలో నుండవలయును. అది లేనివాడు వాదమున నోడిపోవును. న్యాయస్థానములలో నిత్యము మేము చూచునది యిదియే: గట్టిగా మాటలాడినవాడు కాదు, కాగితము గలవాడు గెలుచును.

పూర్వకథ కొంచెము జ్ఞప్తికి దెచ్చుకొందము. 1911లో చిత్తూరుజిల్లా యేర్పడినది. ఆ సంవత్సరముననే గోపాలకృష్ణ గోఖలేగారు నిర్బంధ ప్రాథమికవిద్యకై తమ బిల్లును కేంద్రశాసనసభలో బ్రవేశపెట్టిరి. బడికి వచ్చు పిల్లలసంఖ్య కొంతమేరకు పెరిగిన చోటనే నిర్బంధమును విధింపవలెనని ఆయన షరతు పెట్టుకొనిరి. చోటు చూపకుండ పిల్లలను రమ్మనుట అధర్మమని ఆ మహాశయు డెఱుగును. అంత జాగరూకతతో వ్రాసిన బిల్లును సయితము 1912లో నాటి ప్రభుత్వపక్షము త్రోసివేసెను. స్వాతంత్ర్యము వచ్చినపిమ్మట 1950లో రాజ్యాంగము పదియేండ్లలో పదునాలుగేండ్లలోపు పిల్లలందఱకు విద్య నీయవలెనని ఆదేశించెను. ఆ పదియేండ్లు ఏబదియేండ్లు దాటినవి. 2002లో 86వ సవరణచే విద్య ప్రాథమికహక్కయ్యెను. 2009లో విద్యాహక్కు చట్టము పుట్టి, 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చెను. గోఖలేగారి నాటనుండి లెక్కించిన తొంబదితొమ్మిదేండ్ల నిరీక్షణ మిది. ఇంత కాలము వేచి సంపాదించుకొన్న హక్కునకు కూర్చుండుటకు చోటు లేదన్న, హక్కు కాగితముపైననే మిగులును.

ఆ చట్టమేమి చెప్పుచున్నదో చూతము. ఒకటినుండి అయిదు తరగతుల బడిలో 60 మంది పిల్లల వఱకు ఇద్దఱుపాధ్యాయులు, 61 మొదలు 90 వఱకు ముగ్గురు, 91 మొదలు 120 వఱకు నలుగురు ఉండవలయును. ఉపాధ్యాయున కొక గది చొప్పున అన్ని ఋతువులకు తగిన కట్టడ ముండవలయును. కార్యాలయమునకు, సామానులకు, ప్రధానోపాధ్యాయునకు గలిపి ఒక గది, బాలురకు బాలికలకు వేఱువేఱుగ మరుగుదొడ్లు, మంచినీరు, వంటగది, ఆటస్థలము, ప్రహరీగాని కంచెగాని, అంగవైకల్యము గల బిడ్డయు లోనికి రాగల దారి - ఇవన్నియు అనుబంధములో వ్రాసియున్నవి. ఇందులో మేము వేలు పెట్టి చూపదలచినది ‘అన్ని ఋతువులకు’ అను మాట. మన సీమలో మార్చి నడుమనుండియే ఒంటిపూట బడులు పెట్టవలసి వచ్చును. రేకులకప్పు క్రింద ఏప్రిల్ మాసమున పగటిపూట కూర్చుండలేని గది సంవత్సరములో కొన్ని నెలలు గదియే కాదు. వానకు కాఱు గదియు నట్టిదే. లెక్కలో మాత్ర మది పండ్రెండు నెలల గదియై నిలిచియుండును.

ఇక కొలత పద్ధతి. ఒక బడిని ఊహింపుడు. మూడు గదులు, ఒక్కొక్కటి 20 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు. గది కొక ముప్పదిమంది చొప్పున 90 మందికి చోటున్నదని పట్టిక చెప్పును. పట్టికను మూసి లోపలికి బొండు. మొదటి గది బాగుగానే యున్నది. దాని విస్తీర్ణము 360 చదరపు టడుగులు. నల్లబల్లకు, గురువునకు, నడుచు దారికి 60 తీసివేసిన 300 మిగులును. పిల్ల కొక్కంటికి పదియడుగుల చొప్పున ముప్పదిమంది సుఖముగా గూర్చుందురు. రెండవ గదిలో సగము మధ్యాహ్నభోజనపు బియ్యపు బస్తాలు, విఱిగిన బల్లలు, పాతకాగితముల కట్టలు. అందు పదునైదుగురికి మించి చోటు లేదు. మూడవ గది కప్పు పెచ్చులూడి ఇనుపకమ్ములు బయటబడినవి. దానిలో నొక్క బిడ్డనైన కూర్చుండబెట్టరాదు. కావున ఆ బడిలో నిజమైన చోటు 45 మందికి. పిల్లలు అఱువదిమంది యున్నారనుకొందము. కాగితముపై ముప్పది స్థానములు ఖాళీ. నేలపై పదునైదుగురికి చోటు లేదు. కాగితమును జూచినవాడు ఈ బడిలో గదులు మిగులున్నవనును. చూడనివాడు క్రొత్తభవనము గావలెననును. ఇద్దఱును పొరబడిరి. రెండవ గదిలోని పూడిక దీసిన వెంటనే అఱువదిమందికి చోటు సరిపోవును. ఇటుక యొకటి కొనకుండనే పదునైదు స్థానములు లభించినవి. మూడవ గదిని బాగు చేయుటయా, పడగొట్టుటయా అనునది తరువాతి మాట. పూడిక దీయకుండ కట్ట నెత్తు చేయుట వివేకము కాదని మన పెద్దలకు తెలిసినదే.

2019 నవంబరు 14న ఒంగోలులో ఆరంభమైన ‘మనబడి నాడు-నేడు’ కార్యక్రమమున మొదటి విడతలో 15,000 లకు పైబడిన బడులలో మరుగుదొడ్లు, త్రాగునీరు, దీపములు, పంకాలు, బల్లలు, మరమ్మతులు, ప్రహరీలు మున్నగు పనులు తల్లిదండ్రుల సంఘముల ద్వారా జరిగినవి. ఏ పక్షము చేసినను మంచిపనిని మంచిపని యనవలసినదే. అయినను రంగు వేసిన గోడ వేఱు, చాలినంత గోడ వేఱు. మరమ్మతు ‘ఈ గది యెట్లున్నది?’ యను ప్రశ్నకు సమాధానము. చోటు లెక్క ‘ఈ గది యెందఱికి, ఎన్నాళ్లకు?’ అను ప్రశ్నకు సమాధానము. రెండవ ప్రశ్న వేయకుండ మొదటిదానికై వెచ్చించిన ధనము, పిల్లలు రాని గదికి సున్నము కొట్టించుటకును గావచ్చును; పిల్లలు క్రిక్కిఱిసిన బడిని మఱచుటకును గావచ్చును.

చోటు మించిన బడి యెంత యపాయకరమో 2004 జూలై 16వ తేదీన కుంభకోణము చూపినది. ఒకే భవనములో ఒకటికి మించిన పాఠశాలలను నడపుచుండిరి. వంటశాల తాటాకుకప్పు నంటుకొన్న నిప్పు పైయంతస్తుకు బ్రాకెను. బయటికి వచ్చుటకు తగిన దారి లేక 94 మంది పసిబిడ్డలు మాడిపోయిరి. ఆ దుర్ఘటనను పురస్కరించుకొని సాగిన అవినాశ్ మెహ్రోత్రా వ్యాజ్యములో 2009లో సుప్రీముకోర్టు, సురక్షితమైన బడిలో చదువుకొను హక్కు విద్యాహక్కులో నిమిడి యున్నదని తీర్పు చెప్పెను. ఆ తీర్పును జదివిన పిదప మాకు కలిగిన బుద్ధి యిది: గదిని కొలుచునపుడు నేలను మాత్రమే గాక తలుపును గూడ కొలువవలయును. తలుపు లోపలికి దెఱచుకొనునా, బయటికి దెఱచుకొనునా? మెట్ల వెడల్పెంత? వంటగది తరగతిగది కెంత దూరము? చెరువునకు తూము, మరవ యెట్టివో, బడికి తలుపు, మెట్లు అట్టివి.

రెండవ కొలత పిల్లలది. ఈ యేటి పిల్లలను లెక్కించుట చాలదు. అంగన్‌వాడీలో నేడు ఆడుకొనుచున్న మూడేండ్ల బిడ్డ మూడేండ్లకు బడి గడప ద్రొక్కును. కావున రాబోవు మూడు సంవత్సరములలో నెందఱు వత్తురో ఊరిలో నిప్పుడే యెఱుగవచ్చును. జ్యోతిష్యముతో పని లేదు. దేశమంతట బడుల వివరములను సేకరించు యూడైస్ లెక్కకు సెప్టెంబరు 30వ తేదీ ప్రమాణము. మన సీమలో వానలు దప్పిన యేట, పైరు చేతికి వచ్చినను రాకున్నను, కుటుంబములు బెంగుళూరు దారి పట్టుట మన మెఱిగినదే. సెప్టెంబరులో నున్న పిల్ల జనవరిలో నుండకపోవచ్చును. జూనులో తిరిగి రావచ్చును. ఒక్క దినపు టంకెతో సంవత్సరపు చోటును నిర్ణయించుట, ఒక్క వానను జూచి చెరువు లోతు చెప్పుట వంటిది. కావున జూనులోను, సెప్టెంబరులోను, ఫిబ్రవరిలోను మూడుమాఱులు లెక్కించి మూడింటిని ప్రక్కప్రక్కన వ్రాసికొనవలయును. తెలుగుమాధ్యమముతో పాటు ఉర్దూమాధ్యమము గల బడులలో మాధ్యమముల వారీగా గూడ వ్రాయవలయును. రెండు భాషల పిల్లలను గూడి యొక సంఖ్యగా జేసిన గది లెక్క తప్పిపోవును.

మూడవ కొలత బోధనాపద్ధతిది. ఇందులకు సాక్ష్యము మన యింటి ప్రక్కనే యున్నది. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారి యాదర్శముతో వెలసిన ఋషివ్యాలీ విద్యాసంస్థవారు చుట్టుప్రక్కల పల్లెలలో చిన్నచిన్న బడులను నడపిరి. వివిధవయస్కులైన పిల్లలు ఒకే గదిలో జట్లుగా గూర్చుండి, మెట్లుమెట్లుగా గూర్చిన పాఠపు అట్టముక్కల సాయమున ఎవరి వేగమున వారు చదువుకొను పద్ధతిని వా రచట రూపొందించిరి. ఆ పద్ధతి తరువాత తమిళనాడు మొదలగు రాష్ట్రములకు వ్యాపించినది. అయిదు తరగతులకు అయిదు గదులే యుండవలెననుట యొక పద్ధతి మాత్రమే గాని బ్రహ్మవాక్కు కాదని యది తెలుపుచున్నది. అయితే దీనిని సాకుగా గొని, పద్ధతియు సామగ్రియు శిక్షణయు నీయకుండ, ఒక్క గదిలో అయిదు తరగతులను గుప్పి యొక్క యుపాధ్యాయుని నిలిపి ‘ఋషివ్యాలీలో జరుగలేదా?’ యనుట అన్యాయము. గది యెంత మందిని బట్టునో గురువు చేతిలోని పద్ధతి కొంత నిర్ణయించును.

నాలుగవ కొలత స్థలముది. ఇది మా వృత్తికి జేరినది గనుక కొంచెము గట్టిగా జెప్పెదము. పుంగనూరు జమీందారీ నెఱిగిన మన ప్రాంతమునకు ఎస్టేటు అను మాట క్రొత్త కాదు. 1948 నాటి చట్టముచే మద్రాసురాజ్యమున జమీందారీ ఎస్టేటులు రద్దయినవి. అవి పోయిన పిదప ప్రజ లందఱకు ఉమ్మడిగా మిగిలిన నిజమైన ఎస్టేటు బడుల స్థలములు, భవనములు. వాని కాగితము లెక్కడ? ముత్తాత ధర్మబుద్ధితో నోటిమాటగా నిచ్చిన స్థలమున మునిమనుమడు వచ్చి కంచె వేయుచున్నాడు. స్థిరాస్తి దానమునకు రిజిష్టరు పత్రమును, ఇద్దఱు సాక్షులును ఆవశ్యకమని 1882 నాటి ఆస్తిబదిలీ చట్టము 123వ సెక్షను చెప్పుచున్నది. దాత కృతజ్ఞతాశిలాఫలకము గోడపై నున్నను, పత్రము లేకున్న శిల సాక్ష్యమే గాని హక్కు గాదు. దాత గాని ఆతని వారసులు గాని మంచిమనస్సుతో నున్నప్పుడే ఆ పత్రమును వ్రాయించుకొనుట మేలు. పేచీ వచ్చిన పిదప మా బోటివారికి రుసుము దక్క గ్రామమునకు లాభము లేదు. పోరంబోకు భూమియైనచో సర్వే నంబరు, హద్దులు, కొలతల పటము తెచ్చి, నాలుగుమూలల రాళ్లు పాతించుడు. గదులను పెంచదలచిన నాడు స్థలము లేకపోయిన చోటు లెక్కలన్నియు నీటిమీది వ్రాతలు.

ఇంగ్లండులో బడిగదులను ఒక్కొక్కదానిని కొలిచి, ఆ బడి యెందఱికి సరిపోవునో నికరపు సంఖ్యను గట్టు పద్ధతి చిరకాలముగ నున్నది. అట్టి దేశమున గూడ 2023 ఆగస్టు 31వ తేదీన, సెలవులు ముగియు వేళ, తేలికరకపు కాంక్రీటు కప్పులు కూలు ప్రమాదమున్నదని నూటికి మించిన బడులలో భవనములను మూయవలసి వచ్చెను. విస్తీర్ణమును కొలిచి కప్పు స్థితిని ఉపేక్షించిన ఫలమది. ధనిక దేశమునకే యీ గతి పట్టినపుడు మనము రెండింటిని ఏకకాలమున విచారించుట మంచిది.

‘ఇది సర్కారువారి పని గదా, మాకేల?’ యని యడుగువా రున్నారు. విద్యాహక్కు చట్టము 21వ సెక్షను ప్రకారము బడి నిర్వహణసంఘములో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే. సంఘములో సగము స్త్రీలుండవలయును. 22వ సెక్షను ప్రకారము ఆ సంఘమే బడి యభివృద్ధిప్రణాళికను సిద్ధము చేయవలయును. నిబంధనలు ఆ ప్రణాళికను మూడేండ్లకు వ్రాయుమనుచున్నవి. అందు తరగతివారీగా పిల్లల యంచనా, కావలసిన యుపాధ్యాయులు, కావలసిన కట్టడములు చూపుమనుచున్నవి. ప్రభుత్వపు ప్రణాళికలకు, గ్రాంటులకు ఆధారము అదియే కావలయునని చట్టము. మీ హక్కును మీరు వినియోగింపక, ఎవరో పంపిన ఖాళీకాగితముపై సంతకము పెట్టి, పిదప గదులు చాలలేదని మొఱపెట్టుట న్యాయమా? సంతకము పెట్టిన ఆ చేతులే టేపు పట్టినచో కథ వేఱుగా నుండెడిది.

మఱియొక భయము మీ మనస్సులలో నున్నదని మే మెఱుగుదుము. పైకి చెప్పుటకు మొగమాటపడుచున్నారు. ‘నిజముగా కొలిచినచో మా బడిలో గదులు ఎక్కువ, పిల్లలు తక్కువ యని తేలును. అప్పుడు బడినే యెత్తివేయుదురు’ అని. ఈ భయము నిరాధారము కాదు. అయినను దానికి విరుగుడు దొంగలెక్క కాదు. లేని పిల్లల పేళ్లు వ్రాసి నిలుపుకొన్న బడి మొదటి తనిఖీతో కూలును. ఆ పిమ్మట ఆ యూరి నిజమును గూడ నెవరును నమ్మరు. మిగిలిన గదికి పని కల్పింపుడు. ఇఱుకుగదిలో నున్న అంగన్‌వాడీని దానిలోనికి దెండు. గ్రంథాలయపు అలమార నుంచుడు. సాయంకాలము పెద్దపిల్లలు చదువుకొనుటకు దీపము పెట్టుడు. ఇవన్నియు వ్రాతపూర్వకముగా ప్రణాళికలో జేర్పుడు. చిన్నపిల్లలకు కిలోమీటరులోపల బడి యుండవలయునను నియమము మీ పక్షమున నున్నది. వంకను, రహదారిని దాటి పసిబిడ్డ యెంత దూరము నడువవలయునో అదియు కొలిచి వ్రాయుడు. సత్యమైన లెక్కయు, ధర్మమైన వినియోగమును గల గదిని ఖాళీగది యనుట యెవరికిని సులభము కాదు.

కడపట మా విన్నప మిది. వచ్చు ఆదివారము ప్రతి గ్రామమున నలుగురు పూనుకొనుడు: ఒక తల్లి, ఒక తాపీమేస్త్రి, చదువుకొన్న యువకు డొకడు, ఉపాధ్యాయు డొకడు. ఒక టేపు, ఒక నోటుపుస్తకము చాలును. గది పొడవు వెడల్పులు, కప్పు స్థితి, తలుపులు, కిటికీలు, లోపలి పూడిక, నీరు, మరుగుదొడ్లు, వంటగది దూరము, స్థలపు పత్రము, మూడేండ్ల పిల్లల యంచనా - ఒక్కొక్కటి ఒక్కొక్క పుటలో వ్రాయుడు. నలుగురును క్రింద సంతకములు చేసి, తేదీ వేసి, ఒక ప్రతిని సంఘమున కిచ్చి, ఒక ప్రతిని పఠనమందిరపు బల్లపై నుంచుడు. పత్రికల ప్రక్కన అదియు నుండనిండు, వచ్చినవారెల్ల చదువనిండు. తప్పున్నచో దిద్దనిండు. ఏటేట తిరుగవ్రాయుడు. వ్రాయువారికి చట్టపు మాటలయందు సందేహము కలిగిన, స్వచ్ఛందముగా వచ్చి తీర్చుటకు మేము సిద్ధముగ నున్నాము.

జాతీయోద్యమపు నాళ్లలో పికెటింగు చేసినవారు, రాత్రిబడులు నడపినవారు మన పల్లెలలో నుండిరి. నేటి స్వచ్ఛందసేవకు లాఠీదెబ్బలు లేవు, జైలు లేదు. ఒక పూట యెండలో టేపు పట్టుకొని నిలుచుట యున్నది. అది చిన్నపని యని యుపేక్షింపకుడు. ఈ యూరి చెరువును త్రవ్వినవారి పేరులు మన మెఱుగము. వారు నిలిపిన నీటినే యెఱుగుదుము. బడిలో చోటు నిలిపినవారి పేరులును రేపటి పిల్లలు ఎఱుగకపోవచ్చును. వారికి కూర్చుండుటకు చోటుండిన చాలును.